మిర్చి ఎరుపుకు కవచం: సహజ రంగులను వేడి నుంచి ఎన్‌క్యాప్సులేషన్ ఎంతవరకు కాపాడుతుంది?

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తా విప్పగానే వ్యాపారి కన్ను ముందు పడేది రంగు మీదే. కాయ నిగనిగలాడుతూ ఎర్రగా ఉంటే ఒక రేటు. తెల్లబారి తాలు కాయ ఎక్కువైతే రేటు అమాంతం పడిపోతుంది. ఈ ప్రాంతంలో టమాటా మిర్చి అని కూడా పిలిచే చపాటా రకానికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాయకు పేరు తెచ్చింది ఘాటు కాదు, ముదురు ఎరుపు. పచ్చళ్లకూ, రంగు తీసే ఫ్యాక్టరీలకూ అది వెళ్లేది అందుకే.

అదే 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. అదే నెలలో అమెరికా ఆహార నియంత్రణ సంస్థ రెడ్ నంబర్ 3 అనే కృత్రిమ ఎరుపుకు అనుమతి రద్దు చేసింది. పెట్రోలియం నుంచి తయారయ్యే మిగతా రంగులను కూడా దశలవారీగా తప్పిస్తామని అక్కడి ప్రభుత్వం ఏప్రిల్‌లో ప్రకటించింది. అంతకు ముందు ఏడాదే కర్ణాటక గోబీ మంచూరియాలో, పీచు మిఠాయిలో కృత్రిమ రంగులు వాడొద్దని నిషేధం పెట్టింది. ఇవన్నీ కలిసి సహజ రంగుల మీదికి అందరి చూపూ తిప్పాయి. సహజ రంగు అనగానే వచ్చే మొదటి అభ్యంతరం మాత్రం పాతదే: పొయ్యి మీద పెడితే నిలుస్తుందా? దానికి కంపెనీలు చెప్పే జవాబు ఎన్‌క్యాప్సులేషన్. అంటే రంగును కంటికి కనపడనంత చిన్న గుళికల్లో బంధించడం. ఈ జవాబులో నిజమెంతో తెలియాలంటే ముందు రంగు ఎందుకు పోతుందో చూడాలి.

వంటింట్లో కనిపించే నాలుగు రకాల నష్టం

మొక్కల్లో రంగునిచ్చే పదార్థాలను వర్ణద్రవ్యాలు అంటారు. అన్నిటికీ వేడి తగిలితే ఒకటే గతి పడుతుందనుకోవడం పొరపాటు. ఒక్కోటి ఒక్కో తీరుగా చెడిపోతుంది. ఆ తీరు తెలుసుకోవడానికి ల్యాబ్ అవసరం లేదు, వంటిల్లు చాలు.

గోంగూరతో మొదలుపెడదాం. పచ్చగా ఉన్న ఆకును గిన్నెలో వేసి మగ్గబెడితే కొద్ది నిమిషాల్లోనే ఆలివ్ రంగుకు, ఆపైన గోధుమ రంగుకు దిగిపోతుంది. పాలకూర అంత తొందరగా మారదు. తేడా పులుపులో ఉంది. ఆకుపచ్చనిచ్చే క్లోరోఫిల్ అణువు నడిమధ్యన ఒక మెగ్నీషియం ఉంటుంది. వేడికి ఆకు కణాలు చిట్లి ఆమ్లం బయటికి వస్తే, ఆ మెగ్నీషియం ఊడిపోయి దాని చోట హైడ్రోజన్ చేరుతుంది. పచ్చదనం అక్కడితో సరి. గోంగూరలో ఆమ్లం దండిగా ఉంటుంది కాబట్టి పని తొందరగా అయిపోతుంది.

వంకాయ తొక్కలో, నేరేడు పండులో, ఎర్ర గోంగూర కాడలో ఉండేవి ఆంథోసయనిన్లు. ఇవి నీళ్లలో కరుగుతాయి, పులుపును బట్టి రంగు మారుస్తాయి. పుల్లటి ద్రవంలో ఎరుపు, పులుపు తగ్గేకొద్దీ ఊదా, నీలం, క్షారంలో పచ్చ, పసుపు. వేడి ఎక్కువైతే అణువులోని ఒక వలయం తెరుచుకుని రంగు లేని పదార్థంగా మారుతుంది, ఆ తర్వాత గోధుమ రంగు. అయితే గోంగూర జాతి మొక్క పువ్వు కింది ఎర్ర రక్షకపత్రాలను మరిగించి షర్బత్ చేస్తే ఎరుపు బాగానే నిలుస్తుంది. ఆకుపచ్చను చంపిన పులుపే ఇక్కడ ఎరుపును కాపాడుతోంది.

బీట్‌రూట్‌ది వేరే కుటుంబం, పేరు బీటాలెయిన్లు. ఉడికించినకొద్దీ ఎర్రటి అణువు రెండు ముక్కలవుతుంది. ఒక ముక్క పసుపు, ఇంకోదానికి రంగే లేదు. అందుకే బాగా ఉడికిన బీట్‌రూట్ కూర ఇటుక రంగులోకి దిగుతుంది. ఇందులో ఒక వింత ఉంది. చల్లారనిస్తే ఆ ముక్కల్లో కొన్ని మళ్లీ కలుసుకుని కొంత ఎరుపు తిరిగి వస్తుంది. మిగతా కుటుంబాలకు ఇంతటి సౌకర్యం లేదు.

ఇక మిర్చి. ఇందులో ఎరుపునిచ్చేవి క్యాప్సాంథిన్, క్యాప్సోరూబిన్. ఇవి క్యారెట్, టమాటా, బతుకమ్మలో పేర్చే బంతిపూల రంగులకు బంధువులు, కెరోటినాయిడ్లు. నూనెలో కరుగుతాయి, నీళ్లలో కరగవు. పొడవాటి అణువులో వరుసగా ఉండే జంట బంధాలే వీటి రంగుకు ఆధారం. అవే వీటి బలహీనత కూడా. గాలిలోని ఆక్సిజన్ ఆ బంధాల మీద పడితే గొలుసు తెగి రంగు వెలిసిపోతుంది. వేడి, వెలుతురు ఆ పనిని వేగిరపరుస్తాయి. మిర్చి ఎరుపు పది నిమిషాల ఉడుకుకు పెద్దగా చలించదు. నెలల తరబడి గాలి తగిలితే మాత్రం పాలిపోతుంది. కల్లంలో ఆరబోసిన నాటి నుంచే ఈ నష్టం మొదలవుతుంది.

నిందంతా వేడి మీదే వేయలేం

పసుపు సంగతి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. నిజామాబాద్, జగిత్యాల వైపు రైతులు తవ్విన పసుపు కొమ్ములను ముందు ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పడతారు. అంత ఉడికినా రంగు ఉంటుంది. అదే పసుపులో కాస్త సున్నం కలిపితే క్షణంలో ఎరుపెక్కుతుంది. పెళ్లిలో పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్లు అలా వచ్చినవే. పసుపులోని కర్క్యుమిన్‌కు పొడి వేడి కన్నా క్షారం, వెలుతురు పెద్ద శత్రువులు. ఆమ్లమూ క్షారమూ కాని నీళ్లలో కూడా, శరీర ఉష్ణోగ్రత దగ్గర, విడిగా కలిపిన కర్క్యుమిన్ అరగంటలో దాదాపు 90 శాతం విచ్ఛిన్నమవుతుందని ల్యాబ్ ప్రయోగాలు చూపించాయి.

మరి వంటలో? మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం పసుపును రకరకాలుగా వేడిచేస్తే కర్క్యుమిన్ 27 నుంచి 53 శాతం తగ్గింది. అన్నిటికన్నా ఎక్కువ నష్టం పది నిమిషాల ప్రెషర్ కుక్కర్ వంటలో. చింతపండు కలిపితే ఆ నష్టం 12 నుంచి 30 శాతానికి దిగింది. ఏ గుళికా లేదు, ఏ కవచమూ లేదు, మన పులుసులో రోజూ పడే చింతపండు. నాకు ఈ అంశంలో అన్నిటికన్నా నచ్చిన అంకె ఇదే.

అంటే వేడి ఒంటరిగా పనిచేయదు. దానికి నీరు, ఆక్సిజన్, ఆమ్లమో క్షారమో, వెలుతురు తోడవుతాయి. ఆ తోడును అడ్డుకున్నా రంగు నిలుస్తుంది. ఎన్‌క్యాప్సులేషన్ చేసేది కూడా చాలావరకు ఇదే. వేడిని గుళిక ఆపలేదు. వంద డిగ్రీల పులుసులో పడ్డ సన్నటి గుళిక లోపల కూడా క్షణాల్లో వంద డిగ్రీలే ఉంటుంది. అది అడ్డుకోగలిగేది గాలిని, తేమను, పక్కనున్న ఇతర పదార్థాలను. "హీట్ ప్రూఫ్ రంగు" అనే ప్రచారం దగ్గర ఎక్కువమంది పక్కదారి పట్టేది ఇక్కడే.

పొయ్యి వేడి వేరు, గోదాం వేడి వేరు

రంగుకు రెండు రకాల వేడి తగులుతుంది. ఒకటి పొయ్యి మీది వేడి, ఎక్కువ డిగ్రీలు, తక్కువ సమయం. రెండోది నిల్వలో వేడి, తక్కువ డిగ్రీలు, ఎక్కువ సమయం. మే నెలలో వరంగల్‌లో బయట ఎండ 44, 45 డిగ్రీలు తాకుతుంది. రేకుల కప్పు కింద బస్తాల మధ్య పరిస్థితి ఊహించుకోవచ్చు.

ఒక లెక్క వేద్దాం. ఇందులోని అంకెలు అర్థం కావడానికి అనుకున్నవే, ఏ రకానికీ కొలిచినవి కావు. కారప్పొడిలో రంగు 25 డిగ్రీల దగ్గర సగానికి తగ్గడానికి 16 నెలలు పడుతుందనుకుందాం. ప్రతి 10 డిగ్రీలకు చెడే వేగం రెండింతలవుతుందన్నది రసాయన శాస్త్రంలో వాడే మోటు లెక్క. దాని ప్రకారం 35 డిగ్రీలకు ఆ గడువు 8 నెలలు, 45కు 4 నెలలు. అలాంటి వేడిలో రెండు నెలలు ఉంచితే 100 పాళ్ల రంగులో దాదాపు 71 మిగులుతుంది. అదే సరుకును 5 డిగ్రీల కోల్డ్ స్టోరేజీలో పెడితే గడువు 64 నెలలకు పెరుగుతుంది, రెండు నెలల తర్వాత 98 పాళ్లు ఉంటాయి.

ఇప్పుడు గుళిక సంగతి. ఎన్‌క్యాప్సులేషన్ వల్ల చెడే వేగం సగానికి తగ్గిందనుకుందాం. అదే 45 డిగ్రీల గోదాంలో రెండు నెలల తర్వాత 84 పాళ్లు మిగులుతాయి. కవచం లేనిదాని కన్నా మేలే, ఏసీలో, అంటే కోల్డ్ స్టోరేజీలో, పెట్టినదానికి మాత్రం సాటిరాదు. మన మార్కెట్లో "ఏసీ మిర్చి" అని విడిగా రేటు పలకడం వెనక ఉన్న విషయం ఇంతే. గుళిక చలికి ప్రత్యామ్నాయం అవుతుందని చెప్పేవాళ్లు ఈ పోలిక చూపించరు.

గుళిక ఎలా తయారవుతుంది

ఎక్కువగా వాడే పద్ధతి స్ప్రే డ్రైయింగ్. పాలపొడి చేసేదీ ఇలాగే. మిర్చి నుంచి ద్రావకంతో తీసిన చిక్కటి రంగు నూనెను ఓలియోరెసిన్ అంటారు. దాన్ని గోడ పదార్థం కలిపిన నీళ్లలో వేసి, సన్నటి బిందువులుగా విడిపోయేలా బాగా చిలుకుతారు. ఆ ద్రవాన్ని వేడిగాలి వీచే పెద్ద గదిలోకి తుంపరగా కొడతారు. నీరు ఆవిరై, ప్రతి తుంపర చుట్టూ గట్టి పొర ఏర్పడి పొడిగా కింద రాలుతుంది.

లోపలికి వెళ్లే గాలి 150 నుంచి 200 డిగ్రీలు ఉంటుంది. రంగును వేడి నుంచి కాపాడతామంటూ అంత వేడిలోకి ఎలా పంపుతారన్నది న్యాయమైన అనుమానమే. ఎండాకాలంలో కుండకు తడిగుడ్డ చుడితే నీళ్లు చల్లబడ్డట్టు, ఆవిరవుతున్న నీరు తుంపరను చల్లగా ఉంచుతుంది. నీరంతా పోయేసరికి గాలి కూడా 70 నుంచి 90 డిగ్రీలకు దిగి ఉంటుంది, తుంపర అక్కడ ఉండేది కొన్ని సెకన్లే. అయినా కొంత రంగు ఈ దశలోనే పోతుంది, పూర్తిగా తప్పించలేరు. గడ్డకట్టించి ఆరబెట్టే ఫ్రీజ్ డ్రైయింగ్‌లో ఆ నష్టం తక్కువ. ఖర్చు మాత్రం చాలా ఎక్కువ, పైగా వచ్చే పొడి గుల్లగా ఉండి గాలి లోపలికి దూరుతుంది.

గోడకు ఎక్కువగా వాడేవి రెండు. ఒకటి పిండిపదార్థాన్ని ముక్కలు చేసి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్, చవక, కానీ నూనెను చక్కగా పట్టుకోలేదు. రెండోది గమ్ అరబిక్, సూడాన్ లాంటి ఆఫ్రికా దేశాల తుమ్మజాతి చెట్ల బంక, నూనెను బాగా పట్టుకుంటుంది, ధర ఎక్కువ. రెండూ కలిపి వాడటం మామూలు. ఆదిలాబాద్ అడవుల్లో గిరిజనులు సేకరించే తపసి బంక ఉంది కదా అన్న ఆలోచన మనవాళ్లకు రావడం సహజం. అయితే అది నీళ్లలో కరగకుండా ఉబ్బి జావలా చిక్కబడుతుంది. తుంపరగా కొట్టాలంటే పల్చటి ద్రావణం కావాలి. అందుకని నేరుగా దాని చోట ఇది పెట్టడం కుదరదు.

ఒక ఉదాహరణ చూస్తే గుళికల అసలు ధర తెలుస్తుంది. 100 గ్రాముల ఓలియోరెసిన్‌కు 400 గ్రాముల గోడ పదార్థం కలిపారనుకుందాం. ఆరిన తర్వాత 500 గ్రాముల పొడి వస్తుంది, అందులో రంగు నూనె ఐదో వంతు. ముందున్నంత గాఢతే దక్కాలంటే ఐదింతల సరుకు వేయాలి. ఆ వంద గ్రాముల్లో పది గ్రాములు గోడ లోపలికి పోకుండా పైనే అంటుకుని ఉంటే ఆ పదికీ రక్షణ లేదు. మిగిలిన 90 శాతాన్ని ఎన్‌క్యాప్సులేషన్ సామర్థ్యం అంటారు. కంపెనీలు చెప్పే అంకె ఇదే. అది తయారైన రోజు అంకె అని, ఆరు నెలల తర్వాతది కాదని గుర్తుంచుకుంటే మేలు.

తేమ మరో చిక్కు. పొడిగా ఉన్నంతకాలం గోడ గాజులా గట్టిగా ఉండి ఆక్సిజన్‌ను సులువుగా రానివ్వదు. తేమ పీల్చితే మెత్తబడి జిగటగా మారుతుంది, గాలి దూరుతుంది, పొడి ఉండకడుతుంది. ఎండాకాలం వేడికి తట్టుకున్న సంచి జులై ముసురులో మూత సరిగ్గా లేక పాడవడం అందుకే.

గిన్నెలో పడ్డాక గోడ ఏమవుతుంది

నా దృష్టిలో ఈ విషయమంతటిలో కీలకమైన ముడి ఇది. మాల్టోడెక్స్‌ట్రిన్, గమ్ అరబిక్ రెండూ నీళ్లలో కరిగేవే. బీట్‌రూట్ రంగు గుళికల పొడిని పాయసంలో వేస్తే గోడ కరిగి రంగు మొత్తం బయట పడుతుంది. అక్కడి నుంచి అది మామూలు బీట్‌రూట్ రసమే. నిల్వలో కాపాడిన కవచం పొయ్యి మీద లేదు.

కరగని గోడలు కట్టలేరా అంటే కట్టగలరు. జెలటిన్, బంకలను కలిపి గట్టిపరిచిన పొరలు, సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌ను కాల్షియంతో గట్టిపరిచిన ముత్యాలు, గట్టి కొవ్వు పూతలు ఉన్నాయి. కొవ్వు పూత కొంత వేడి దాకా ఆగి తర్వాత కరుగుతుంది. జెలటిన్ జంతువుల నుంచి వచ్చేది కాబట్టి శాకాహార గుర్తు కావాలనుకునే ఉత్పత్తికి అది పనికిరాదు.

ఇంకా లోతైన ఇబ్బంది ఇంకోటుంది. విటమిన్‌నో, చేపనూనెనో గుళికలో దాస్తే అది కనపడకపోవడమే కావాలి. రంగు అలా కాదు, కనపడాలి. గోడ లోపలే ఉండిపోతే ముదురు ఎరుపు కాస్తా పాలిపోయిన గులాబీ పొడిలా కనిపిస్తుంది, ఎందుకంటే సన్నటి గుళికలు వెలుతురును చెదరగొడతాయి. తినుబండారమంతా ఒకే రంగు రావాలంటే గోడ కరగాలి. గోడ కరిగితే రక్షణ పోతుంది. అందుకే గుళికలు బాగా పనిచేసేది పొడి ఆహారాల్లో: సూప్ పొడులు, మసాలా మిశ్రమాలు, షర్బత్ పొడులు, చిప్స్ మీద చల్లే మసాలా. వాటిని తినేముందే తడి చేస్తాం, లేదా అసలు తడే తగలదు. గంటసేపు మరిగే చారులో వాటికి పెద్ద పాత్ర లేదు.

పరిశోధన పత్రాల్లో ఫలితాలు ఒకదానికొకటి పొసగనట్టు కనిపించడానికి ఒక కారణం కూడా ఇదే. ఒక ల్యాబ్ పొడిని పొడిగానే ఓవెన్‌లో పెట్టి పరీక్షిస్తుంది, రంగు అద్భుతంగా నిలిచిందంటుంది. మరో ల్యాబ్ నీళ్లలో కలిపి మరిగిస్తుంది, తేడా కొంచెమే అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

కావాలనేవాళ్లు, అక్కర్లేదనేవాళ్లు

అనుకూలంగా ఉన్న వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు. కృత్రిమ రంగు చవక, గాఢమైనది, వేడికి బాగా తట్టుకుంటుంది. సహజ రంగు నిలవకపోతే తయారీదారు మళ్లీ అటే పోతాడు. అక్రమంగా ఇంకా ప్రమాదకరమైన వాటికీ పోవచ్చు. 2003లో భారత్ నుంచి వెళ్లిన మిర్చి ఉత్పత్తుల్లో సుడాన్ అనే బట్టల, మైనాల రంగు బయటపడి యూరప్ కఠిన తనిఖీలు పెట్టిన సంగతి వ్యాపారులకు ఇంకా గుర్తే. ఓలియోరెసిన్ నూనెలాంటిది, జిడ్డు, తూకం వేయడం కష్టం. పొడిగా మారిస్తే బస్తాల్లో పంపొచ్చు, నీళ్లతో చేసే పదార్థాల్లో కూడా కలుస్తుంది. నిజానికి చాలా కంపెనీలు గుళికలు కొనేది ఈ సౌలభ్యం కోసమే.

వ్యతిరేకించేవాళ్ల ప్రశ్న వేరు. ఐదు పాళ్లలో నాలుగు పాళ్లు గోడ పదార్థమే ఉన్న పొడిని, అందులోని రంగును హెక్సేన్ లాంటి ద్రావకంతో తీసినప్పుడు, "సహజం" అనొచ్చా? ద్రావకపు ఆనవాళ్లకు పరిమితులున్నాయి, గోడకు వాడే పదార్థాలు అనుమతి ఉన్నవే. ప్యాకెట్ మీద 160సి అంటే మిర్చి రంగు, 162 అంటే బీట్‌రూట్ ఎరుపు, 414 అంటే గమ్ అరబిక్. కాబట్టి భద్రత మీద కన్నా పేరు మీదే ఈ గొడవ ఎక్కువ. నిబంధనల లెక్కలో మిర్చి రంగు సహజమే. ఊళ్లో మిల్లు పట్టించిన కారంతో పోల్చుకుని సహజం అనుకునే కొనుగోలుదారుడి లెక్క వేరు. రెండు లెక్కలూ ఒకే మాట వాడుతున్నాయి, అంతే.

మూడో పక్షం కూడా ఉంది, వాళ్ల మాట తక్కువగా వినిపిస్తుంది. గుళికల కన్నా ముందు చవకైన దారులు చూడమంటారు వాళ్లు. బీట్‌రూట్ రంగును వంట చివర్లో కలపడం ఒకటి. మరిగే ద్రవంలో అది అరగంటకు సగమవుతుందనుకుంటే, పదిహేను నిమిషాలు ఉడికిస్తే 71 పాళ్లు, చివరి ఐదు నిమిషాల్లో వేస్తే 89 పాళ్లు మిగులుతాయి. సహజంగానే వేడికి ఎక్కువగా ఓర్చుకునే ఎర్ర క్యాబేజీ, నల్ల క్యారెట్, ఊదా చిలగడదుంపల ఆంథోసయనిన్లను ఎంచుకోవడం ఇంకోటి. కాపాడుతుందని విటమిన్ సి కలపడంలో మాత్రం మెలిక ఉంది. బీట్‌రూట్ ఎరుపుకు అది సాయపడుతుంది, ఆంథోసయనిన్లతో కలిస్తే రెండూ ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయి. ఒక రంగుకు పనిచేసిన కిటుకు ఇంకో రంగుకు తిరగబడటం ఈ రంగంలో కొత్త కాదు.

చపాటా రైతుకు ఇందులో ఏముంది

మిర్చి కాయగా ఉన్నప్పుడు రంగు దాని కణాల్లో, తోలు లోపల భద్రంగానే ఉంటుంది. పొడి కొట్టగానే గాలి తగిలే ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే కాయను చల్లటి చోట దాచి, అవసరమైనప్పుడు మర పట్టించడం ఎన్‌క్యాప్సులేషన్ కన్నా పాత కిటుకు, ఇప్పటికీ గట్టి కిటుకు. కారప్పొడిలో బయటి రంగు కలపడం మన దేశంలో నిషిద్ధం కాబట్టి అక్కడ గుళికలకు చోటే లేదు. పచ్చడిలో రంగు నూనెలోకి దిగుతుంది, వంటే ఉండదు. అక్కడా వాటి అవసరం అంతంతే.

గుళికలకు చోటున్నది ఓలియోరెసిన్ తర్వాతి మెట్టులో. కాయలో రంగును ఏఎస్‌టీఏ (అమెరికన్ స్పైస్ ట్రేడ్ అసోసియేషన్) విలువతో కొలుస్తారు. పొడిని అసిటోన్‌లో నానబెట్టి, ఆ ద్రావణం 460 నానోమీటర్ల వెలుతురును ఎంత పీల్చుకుందో చూస్తారు. ఆ విలువను బట్టి కాయకు రేటు కట్టే ఒప్పందం ఉంటే, రంగెక్కువ, ఘాటు తక్కువ ఉన్న చపాటా లాంటి రకానికి మేలు. స్ప్రే డ్రైయర్ పెట్టడం మాత్రం వేరే స్థాయి పని. ద్రావకంతో తీసే ప్లాంటు, దాని భద్రతా అనుమతులు, ల్యాబ్, గోడ పదార్థం దిగుమతి, వీటన్నిటి ఖర్చూ రాబట్టాలంటే ఏడాది పొడవునా సరుకు కావాలి. మిర్చి కోతలు, రాక ఎక్కువగా జనవరి నుంచి మే వరకే. మిగతా నెలల్లో ఆ యంత్రం ఏం చేయాలన్న ప్రశ్నకు పసుపు కొంత జవాబు కావచ్చు. అయితే పసుపు కోత కూడా దాదాపు ఆ నెలల్లోనే వస్తుంది, దాన్నీ నిల్వ చేసుకుంటేనే ఆ యంత్రానికి పని. ఆ నిల్వకు మళ్లీ గోదాం కావాలి.